కథకుని ఋణము

సాహిత్యపాఠము చెప్పి జీవించువాడు కథలు వ్రాయవచ్చునా? ఈ ప్రశ్న మమ్ము పలువురడిగియున్నారు. అడిగినవారిలో ననేకులు దీనిని కాలమునకు సంబంధించిన ప్రశ్నగా భావింతురు. దినమునకైదాఱు పాఠములు చెప్పి, అరువది పుస్తకములు దిద్ది యింటికి వచ్చినవానికి కథ వ్రాయుటకు ఓపిక యెక్కడిదని వారి సందేహము. మఱికొందఱు, నిత్యమును పరుల రచనలను విప్పి చూపుచుండువాని చేతికి సొంతరచన కట్టుబడదందురు.

ఈ రెండు సందేహములకును చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. కాంతమును తెలుగిండ్లన్నింటికిని ఆడపడుచుగా నిచ్చిన మునిమాణిక్యము నరసింహారావుగారు బడిపంతులు. పాలగుమ్మి పద్మరాజుగారు కాకినాడలో రసాయనశాస్త్రము బోధించినవారు. 1952లో న్యూయార్కు హెరాల్డు ట్రిబ్యూను పత్రిక నడిపిన ప్రపంచకథల పోటీయందు వారి 'గాలివాన'కు రెండవ బహుమానము వచ్చినది. మధురాంతకము రాజారాముగారు చిత్తూరు జిల్లా పల్లెబడులలో పాఠములు చెప్పుచునే వందలకొలది కథలు వ్రాసిరి. ఐర్లండు దేశీయుడగు జేమ్సు జాయిసు ట్రియస్టు నగరమున నింగ్లీషు నేర్పి కుటుంబమును పోషించుకొనెను. నబొకొవు అమెరికాలోని కార్నెలు విశ్వవిద్యాలయమున సాహిత్యము చెప్పుచు నవలలు వ్రాసి, 'లొలీటా' వలన ధనము సమకూరిన పిదప 1959లో గాని యా కొలువు విడువలేదు. కావున కాలము చాలదనుటయు, మనస్సు చాలదనుటయు సాకులే. మేమును అట్టి సాకులు చెప్పియున్నాము గనుక ధైర్యముగా ననగలుగుచున్నాము.

మమ్ము బాధించు ప్రశ్న వేఱు. ఉపాధ్యాయుడు భాషను దిద్దువాడు. కథకుడు భాషను గ్రహించువాడు. ఒకే మాటను పగలు తప్పని కొట్టివేసి, రాత్రి దానినే తన కథలో నిలుపుకొని మెప్పు పొందినవాని నేమనవలెను? ఇది యూహించి వేసిన ప్రశ్న గాదు. ఆ పని చేసినవారము మేమే.

మేము మొగుడంపల్లికి బదిలీయై వచ్చిన నాటికది జహీరాబాదు మండలములోని యొక గ్రామము. 2016లో జిల్లాలు పునర్విభక్తములైనపుడు తానే మండలకేంద్రమై, సంగారెడ్డి జిల్లాలో చేరినది. కర్ణాటకపు పొలిమేర దగ్గఱనే యున్నది. 1956 వఱకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమున బీదరు జిల్లా మూడు ముక్కలై, కొంత మైసూరునకును, కొంత బొంబాయికిని పోగా, ఈ తాలూకాలో చాలభాగము ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో గలిసినది. పటముపై గీతలు మాఱినవి గాని నాలుకలు మాఱలేదు. ఇచ్చటి సంతలో నొక్క బేరము ముగియులోపల తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును వినవచ్చును; తండానుండి వచ్చిన లంబాడీ తల్లి తన బిడ్డను పిలుచునది నాలుగవ భాష. నిజాము కాలమున బడికి పోయిన తాతకు చదువు ఉర్దూలో జరిగినది. తండ్రి చదివిన పాఠ్యపుస్తకములలోని తెలుగు కృష్ణాగోదావరీ తీరములది. మనుమడు నేడు ఇంగ్లీషు బడికై పోరుచున్నాడు. ఇంటిలో అవ్వ మాటాడు భాషను మాత్రము వీరిలో నొక్కరును పాఠశాలలో వినియుండలేదు.

కొన్ని యేండ్ల క్రిందట ఎనిమిదవ తరగతివారిని 'మా పొలము' అను విషయమునుగూర్చి వ్యాసము వ్రాయుమంటిమి. ఒక బాలుడు పుటలో సగమైనను నిండని నాలుగు వాక్యములు వ్రాసి తెచ్చెను. అవి నేటికిని మాకు కంఠస్థములే:

"మా అవ్వ ఇత్తనం ఎవ్వరికి అమ్మదు. సల్లారిన బూడిదల యాపాకు కలిపి ఇత్తనం గుమ్మిల పోస్తది. పైన పేడతోని అలుకుతది. ఇత్తనం అమ్ముకుంటే ఇల్లు అమ్ముకున్నట్టే అంటది."

మేము ఎఱ్ఱసిరా కలము తీసితిమి. 'ఇత్తనము' కొట్టివేసి 'విత్తనము' అని వ్రాసితిమి, అంతవఱకు క్షమింపవచ్చును. 'యాపాకు' వేపాకైనది. 'గుమ్మి' యను మాట మాకు తెలియదు. మేము పుట్టిన ప్రాంతమున నా మాట వినబడదు. తెలియని మాటను అడుగవలెనని తోపక, దానిపై గీత గీచి 'ధాన్యాగారము' అని వ్రాసితిమి. వెదురుతట్టకు మట్టియు పేడయు మెత్తి, ఇంటి మూలను నిలిపిన గాదెను, రాజుల కాలపు కోటలోని కొట్టుగా మార్చితిమన్నమాట. ఇక 'సల్లారిన' అను మాట. బూడిద చల్లగా గాక యెట్లుండును, ఇది వ్యర్థవిశేషణమని తర్కించి, దానిని మార్చుట గూడ లేక సమూలముగా తీసివేసితిమి. ఇరువదియైదు మార్కులకు ఏడు వేసి, ప్రక్కన 'భాష శుద్ధముగా లేదు. మరల వ్రాయుము' అని సూచించితిమి.

బాలుడు మరల వ్రాసెను. రైతు దేశమునకు వెన్నెముకయనియు, విత్తనము రైతునకు ప్రాణమనియు, హరితవిప్లవమువలన దేశము సస్యశ్యామలమైనదనియు రెండు పుటలు నింపెను. అంగడిలో దొఱకు గైడుపుస్తకమున నీ వ్యాసమున్నదని మేమెఱుగుదుము. అయినను పదునెనిమిది మార్కులు వేసితిమి. భాష శుద్ధముగా నున్నది గదా! అటుపిమ్మట నా బాలుడు మా తరగతిలో నున్న రెండేండ్లును తన యవ్వనుగూర్చి యొక్క వాక్యమైనను వ్రాయలేదు. అది మేమప్పుడు గమనింపలేదు.

మఱి రెండేండ్లకు మేమొక కథ వ్రాసితిమి. అప్పులపాలైన ముసలి రైతుస్త్రీ, కోమటి అడిగినను, కొడుకు కొట్టవచ్చినను, గుమ్మిలోని విత్తనము నమ్మదు. ఒక సన్నివేశమున నామె తెల్లవాఱుజామున పొయ్యిలోని వెచ్చని బూడిదను దోసిట పట్టి, ఆ వెచ్చదనమును పసిబిడ్డ యొంటి వెచ్చదనముతో పోల్చుకొని, విత్తనమునకు కలుపును. కథ చివర మొలకలు వచ్చును. ఒక మాసపత్రికవారు దానిని ప్రచురించి వేయి రూపాయల పారితోషికము పంపిరి. ఉత్తరములు వచ్చినవి. హైదరాబాదు సభలో నొక విమర్శకుడు, 'గుమ్మి', 'ఇత్తు' వంటి దేశ్యపదముల సొగసునుగూర్చి పది నిముసములు మాటాడి, వెచ్చని బూడిద ఘట్టమును ప్రత్యేకముగా మెచ్చుకొనెను. మేము శాలువ కప్పుకొని యింటికి వచ్చితిమి.

దసరా సెలవులలో మా యింటామె పాత కాగితములు తూకమునకు వేయుటకై కట్టలు విప్పుచు, ఒక కాగితము చదివి మమ్ము బిలిచెను. "ఏమండీ, ఈ పిల్లవాడు మీ కథను మీకంటె ముందే వ్రాసినాడండీ. పైగా మీరతనికి ఏడు మార్కులు వేసినారు," అనెను. ఎగతాళిగా ననలేదు, ఉన్నమాట చెప్పెను. ఆనాటి నాలుగు వాక్యములు, వానిపై మా యెఱ్ఱగీతలు. కథ వ్రాయునపు డా కాగితము మా జ్ఞప్తియందు లేదని ప్రమాణము చేసి చెప్పగలము. కాని అవ్వయు, గుమ్మియు, ఇల్లమ్ముకొనుటతో విత్తనమమ్ముకొనుటను పోల్చిన మాటయు మాకెక్కడినుండి వచ్చినవి? మా పుట్టినింట గుమ్మి లేదు.

మిత్రులకు చెప్పితిమి. వారు మమ్ము విడిపింప జూచిరి. ఒకరన్నారు: మాట యెవనికిని సొంతముకాదు, జనులనోట నున్నదానిని కవి గ్రహించుటయే సాహిత్యము, తిక్కనాదులును అట్లే గ్రహించిరి. ఈ మాట నిజము. మాటలు గైకొన్నందున మాత్రమే ఋణము కలుగదు. కలిగినచో ప్రతి కథకుడును దివాలాతీయవలసినదే. మా తప్పు గ్రహించుటలో లేదు. రెండు కొలతలు వాడుటలో నున్నది. ఆ మాట బాలుని చేతిలో నున్నంతవఱకు అశుద్ధము. మా చేతికి రాగానే సొగసు. అదే మాట, అదే యవ్వ. వ్రాసినవాడు మాత్రము వేఱు.

మఱియొకరన్నారు: ఉపాధ్యాయుడు దిద్దక యేమి చేయును? మార్చిలో పరీక్ష యున్నది. దిద్దువాడు మఱియొక గ్రామమున కూర్చుండి, మొగుడంపల్లి యవ్వను చూడకయే మార్కులు వేయును. రేపు కచ్చేరీలో అర్జీ వ్రాయవలసినవాడు 'ఇత్తనం' అని వ్రాసిన నవ్వుదురు. మాండలికమును పొగడు పెద్దలు తమ పిల్లలను ఇంగ్లీషు బడులకు పంపి, పేదవాని బిడ్డను మాత్రము వాని పలుకులోనే యుంచవలెనందురు; అది యేమి న్యాయము? ఈ యాక్షేపణ మొదటిదానికంటె చాల బలమైనది. మేము దీనికి పూర్తి సమాధానము చెప్పజాలము. శిష్టభాషను నేర్పకుండుట దయగాదు. తలుపు వేసి యుంచుటయే. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండియే, గ్రాంథికముతో పోరాడి వాడుకభాషకు తలుపు తెఱచిరి. కాని యా తలుపులోనుండి లోనికి వచ్చినది ప్రధానముగా చదువుకొన్నవారి వాడుక. మొగుడంపల్లి బాలునికి గ్రాంథికమెంత పరాయిదో, ఆ శిష్టవ్యావహారికమును నించుమించుగా నంతే పరాయిది. అయినను పంతులుగారియందు మేము ప్రధానముగా గుర్తుంచుకొనవలసినది మఱియొకటి యున్నదని మాకు తోచుచున్నది: వారు సవరలకు బోధింపబోవుటకు ముందు సవరభాషను తాము నేర్చుకొనిరి. నేర్చి, దానికి వ్యాకరణము వ్రాసిరి. దిద్దుటకు పూర్వము విద్యార్థులైరి. మేము గుమ్మి యననేమని యడుగుటకైనను ఓపిక పట్టలేదు.

(ఈ వ్యాసమును మేము వ్రాయుచున్న భాషను చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. గురువులు నేర్పిన యలవాటు; నలువదులలో వదలుట కష్టము. ఈ భాషను మేము ప్రేమింతుము గూడ. ఒకదానిని ప్రేమించుటకు రెండవదానిని కొట్టివేయ నక్కఱలేదని తెలిసికొనుట ఆలస్యమైనది.)

సంస్కృతనాటకములు చదువుకొన్న దినములు జ్ఞప్తికి వచ్చుచున్నవి. శాకుంతలమున రాజు సంస్కృతము మాటాడును. శకుంతలయు, సఖులును, విదూషకుడును ప్రాకృతము మాటాడుదురు. ఆఱవ యంకమున ఉంగరము దొఱకిన జాలరి మాటాడునది మాగధి. ప్రాకృతములలో నాటకకర్తలు తక్కువవారికి కేటాయించినది. అచ్చుపుస్తకములలో ప్రాకృతవాక్యముల క్రింద సంస్కృతచ్ఛాయ యుండును. మేమందఱమును ఛాయ మాత్రమే చదివి పరీక్షలు గడిచితిమి. శకుంతల నిజముగా నేమి పలికినదో చూచినవాడు మా తరగతిలో నొక్కడును లేడు. ఇప్పుడాలోచింపగా, మా యెఱ్ఱసిరా యా బాలుని కాగితముపై వ్రాసినదియు నొక ఛాయయే. రాజునకు మఱపు తొలగించిన సాక్ష్యము మాగధి మాటాడువాని చేతినుండియే వచ్చినదని కాళిదాసున కెఱుకయే, మేమే గమనింపలేదు.

మా కథను మరల చదివితిమి. అందు కథకుని మాటయంతయు నున్నతమైన తెలుగు. ముసలమ్మ నోట మాత్రము పల్లెపలుకు, అదియు కొటేషను గుర్తుల నడుమ. ఇంటికి వచ్చిన కూలీని వాకిటనే నిలిపి, లోపలినుండి మాటాడినట్లున్నది. కాళిదాసునకు మేము పదునైదువందల యేండ్లకు పైబడిన తరువాత పుట్టియు, అదే యేర్పాటును నడిపితిమి.

ఇట్లు గాక వ్రాసినవారు లేకపోలేదు. పాకాల యశోదారెడ్డిగారిని గూర్చి మేమిక్కడ కొంత విస్తరించి చెప్పవలెను. వారు 1929లో పాలమూరు జిల్లా బిజినేపల్లిలో జన్మించిరి. భర్త చిత్రకారుడగు పి.టి. రెడ్డిగారు. యశోదారెడ్డిగారు హైదరాబాదులోని కోఠీ మహిళాకళాశాలలో దశాబ్దములపాటు తెలుగుసాహిత్యము బోధించిరి. వారి పరిశోధన 'తెలుగులో హరివంశములు' అను విషయముపై. ఎఱ్ఱన, నాచన సోమనల యింట పుట్టి పెరిగినంత చనువుగా ప్రబంధభాషను తెలిసినవారు. 1990 తరువాత కొన్నేండ్లు అధికారభాషాసంఘమున కధ్యక్షురాలుగా నుండిరి. ఇంతటి శాస్త్రపాండిత్యము గలవారు కథలు వ్రాయవలసివచ్చినపుడు, తరగతిలోని భాషను తరగతిలోనే విడిచి, బిజినేపల్లి యాడవారి నోటితో మాటాడిరి. 1973లో వెలువడిన 'మా ఊరి ముచ్చట్లు' అట్టిది. తరువాతి 'ఎచ్చమ్మ కథలు'ను అట్టిదే. అందు పల్లెపలుకు కొటేషను గుర్తుల నడుమ వాకిట నిలుచుండదు. ఇల్లే దానిది, చెప్పువారును, చెప్పబడువారును నొక్క అరుగుమీదనే కూర్చుందురు. సామెత, తిట్టు, దీవెన, నడుమ నడుమ ఉర్దూ మాటలు, అన్నియు నచ్చటివే. తెలంగాణపు పలుకును నాటకములందును, సినిమాలందును పరిహాసమునకు వాడుచుండిన దినములలో నామె యీ పని చేసిరి.

ఆమెకిది సులభమని కొందఱందురు. ఆమె పుట్టిన పలుకదియే గదా యని. సులభము కాదు. పుట్టిన పలుకును మఱువుమని చెప్పుటకే పట్టములున్నవి. హరివంశములపై పట్టము పొందిన స్త్రీ, తోటి పండితులు చూచుచుండగా, తల్లి యాసను అచ్చువేయించుటకు కావలసిన ధైర్యము సామాన్యమైనది గాదు. మఱియొక సంగతి గూడ గలదు. ఎఱ్ఱనలోను, సోమనలోను నిఘంటువులకు చిక్కుపడు దేశ్యపదములు కొన్ని పల్లెలలో సజీవములై యున్నవి. ఆమెలోని కథకురాలు ఆచార్యురాలికి చదువు చెప్పియుండునని మా నమ్మకము. ఆమె 2007లో పరమపదించిరి. అప్పటికి మేము చిన్న యుపాధ్యాయులము. 'మా ఊరి ముచ్చట్లు' చదివి, భాషావైచిత్ర్యమని మెచ్చుకొని, బీరువాలో పెట్టితిమి. చదివినదానిని మా తరగతిగదిలోనికి తీసికొనిపోవలెనని తోపలేదు.

అమెరికాలో నీ రెండు మార్గములును పక్కపక్కనే కనబడును. జార్జియా రాష్ట్రపు పత్రికారచయిత జోయెలు చాండ్లరు హారిసు, బానిసలుగా నుండిన నల్లవారివద్ద విన్న కథలను 1880లో 'అంకుల్ రీమసు' పేర గ్రంథముగా వెలువరించెను. పేరు, ధనము హారిసుకు వచ్చినవి. అతడు వ్రాయకున్న నా కథలలో కొన్ని నశించియుండునను వాదమును గలదు, మేము కాదనము. నాలుగైదేండ్లకే మార్కు ట్వెయిను, చదువు సరిగా రాని హకిల్బెరీ ఫిన్నను బాలుని చేతికే కలమిచ్చి, నవలయంతయు వానిచేతనే చెప్పించెను. దానిని అశ్లీలపు మోటభాషయని కాంకర్డు పట్టణపు గ్రంథాలయమువారు బహిష్కరించిరి. ఏడు మార్కులు వేయువారు అన్ని దేశములందును నున్నారు.

ఇక మా ముంగిటనే యున్నదానిని చెప్పవలెను. జహీరాబాదు ప్రాంతమున దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారు 1980ల నుండి పల్లెలలోని పేదస్త్రీల సంఘములతో పనిచేయుచున్నారు. కొఱ్ఱ, సామ, పచ్చజొన్న మొదలగు పాతపంటల విత్తనములను ఆ స్త్రీలు గ్రామగ్రామమున దాచియుంచిరి. సంక్రాంతి రోజులు మొదలు బండ్లపై విత్తనముల నలంకరించి పాతపంటల జాతర నడుపుదురు. 2008 అక్టోబరు 15న మాచునూరు గ్రామమున వీరి 'సంఘం రేడియో' ప్రారంభమైనది. దళితస్త్రీలే దానిని నడుపుచు, తమ పలుకుననే పంటలు, పాటలు, పసరుమందులు చెప్పుకొనిరి. ఎఱ్ఱసిరా వారిని చేరలేదు. మేమదే ప్రాంతమున నుండియు, ముసలమ్మ నోట మాట లెట్లుండునో యూహించుటకై రాత్రులు మేలుకొంటిమి గాని, వినుటకు పోలేదు. తమ మాట తామే చెప్పగలవారికి కథకుడెందుకను ప్రశ్న యుదయించును. కథకుని పని వేఱని మేమిప్పటికిని నమ్ముదుము. ఒక యవ్వ మనస్సులోని తెల్లవాఱుజామును రేడియో చెప్పజాలదు. కాని యా పనికి హక్కు ముందుగా వినినవానికే కలుగును.

కాళీపట్నము రామారావు మాస్టారు విశాఖపట్టణమున దీర్ఘకాలము బడిపంతులుగా నుండిరి. 'యజ్ఞము' వ్రాసినవారు, 1995లో సాహిత్య అకాడమీ పురస్కార మందుకొనిరి. తామై వ్రాసినవి కొద్ది కథలే. తరువాత కలము దాదాపు ప్రక్కనబెట్టి, తెలుగున నచ్చయిన కథలన్నింటిని, మంచివి, చెడ్డవి, పేరున్నవారివి, లేనివారివి, ఒక్కచోట చేర్చుటకు పూనుకొని, 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళమున కథానిలయమును నెలకొల్పిరి. 2021లో తొంబదియాఱవ యేట కన్నుమూయు వఱకును అదియే వారి ధ్యాస. కథలు మానివేసి యిట్లేల చేసిరని వారిని నొచ్చుకొనువారున్నారు. మాకు మాత్రమది ఋణము తీర్చుకొను మార్గములలో నొకటిగా కనబడుచున్నది.

మేమంతటివారము గాము. ఎఱ్ఱసిరా మానలేదు, మార్చి మాసమున్నంతవఱకు మానజాలము. ఇప్పుడు రెండవ కలమొకటి, నీలిది, జేబులో నుంచుకొంటిమి. తెలియని మాట వచ్చినపుడు నీలిగీత గీచి, తరగతిలో నా పిల్లవానినే యడుగుదుము. వాడు చెప్పినది నోటుపుస్తకమున నెక్కించుకొందుము. పరీక్షకు శిష్టరూపమేదో గూడ చెప్పుదుము, ఇది సరియైనదియు అది తప్పునని గాక, ఇది ఆ దిద్దువానికని చెప్పుదుము. పిల్లలకీ భేదము మేమనుకొన్నదానికంటె త్వరగా తెలిసినది. ఇంటిలో నొకటి, అంగడిలో నొకటి, తండాలో నొకటి మాటాడువారికి నాలుగవది యెంత?

కడచిన వేసవిలో పత్రికను, పారితోషికపు వేయి రూపాయలను తీసికొని యా యింటికి పోయితిమి. బాలుడిప్పుడు యువకుడు, జహీరాబాదులో లారీలు బాగుచేయు దుకాణమున పనిచేయుచున్నాడు. ఆనాడు సెలవగుటచే నింటనే యున్నాడు. అవ్వ చేటతో కందులు చెఱుగుచుండెను. సంగతియంతయు చెప్పి, తప్పొప్పుకొని, కథ చదివి వినిపించితిమి. ఆమె చెఱుగుట మానకయే వినుచు, వెచ్చని బూడిద ఘట్టమునొద్ద చేట నిలిపెను.

"బూడిద ఏడిగున్నప్పుడే కలిపిందా ఆమె?" అని యడిగెను.

అవునంటిమి.

"గట్లయితె ఇత్తు సచ్చిపాయె గద సారూ. మల్ల మొల్కలు యాడికెల్లి వచ్చినయి?"

మేము బదులు చెప్పలేక యువకుని వంక చూచితిమి. అతడు నేలచూపులు చూచుచు మెల్లగా, "సల్లారిన అని రాసిన సారూ. మీరు కొట్టేసిండ్రు," అనెను.

పసిబిడ్డ వెచ్చదనము, విమర్శకుని మెప్పు, శాలువ, అన్నియు నా చేట ముందు కూర్చుండి చూచుకొంటిమి. రూపాయలు తీసి యామె ముందుంచగా, "కథ రాసినోనివి నువ్వు. పైసలు నాకెందుకు? అప్పుడు పిలగానికి మార్కులన్న ఎయ్యకపోతివి," అని తిరిగి మా చేతిలో పెట్టెను. తరువాత లోనికి పోయి, గుమ్మినుండి దోసెడు కొఱ్ఱలు తెచ్చి మా సంచిలో పోసెను. ఊరక పోయలేదు. సంఘమువారి పద్ధతిగా, వచ్చే పంటకు రెండింతలు తెచ్చి యియ్యవలెనని చెప్పి, మాచేత సరేననిపించుకొన్నది.

మాకు భూమి లేదు; ఉన్నది అద్దెయిల్లు. కొఱ్ఱలు ప్రస్తుతము మా యింటామె పచ్చళ్ళజాడీలో, రెండు దినములు చల్లార్చి జల్లించిన బూడిదలో, వేపాకు నడుమ నున్నవి. పాఠశాల వెనుకనున్న ఖాళీస్థలమున తొలకరికి చల్లుకొనుట కనుమతి వేడుచు ప్రధానోపాధ్యాయునకు అర్జీ వ్రాసితిమి. కథలోని బూడిదను సవరించి ప్రచురింపుడని, ఆ సవరణ యెవరిదో గూడ వేయుడని, పత్రికా సంపాదకునకు ఉత్తరము వ్రాసితిమి. ఇద్దఱినుండియు జవాబింకను రాలేదు.